తొలి కాన్పులో తీవ్రమైన చీలిక వచ్చే అవకాశం ఎవరికి ఎక్కువ?

మీకిది తొలి గర్భమనీ, ఎనిమిదో నెల నడుస్తోందనీ, బిడ్డ కాస్త పెద్దగా ఉందని స్కాన్‌లో చెప్పినప్పటి నుంచి కాన్పులో యోని ద్వారం నుంచి మలద్వారం వరకూ చీలుతుందేమోనన్న భయం పట్టుకుందనీ రాశారు. ముందే సిజేరియన్ అడగడం మంచిదా అని మీ ప్రశ్న. నా మొదటి కాన్పులో మూడో డిగ్రీ చీలిక వచ్చింది. రెండోది కూడా నార్మల్ కాన్పే, అందులో చిన్న గాయంతో బయటపడ్డాను. నేను వైద్యురాలిని కాను కానీ, ఆ రెండింటి మధ్య డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

తొలిసారి నార్మల్‌గా ప్రసవించే స్త్రీలలో పదిమందికి తొమ్మిదిమంది వరకు ఏదో ఒక మేరకు చీలిక వస్తుంది. ఎక్కువమందిలో అది చర్మంతోనో, దాని కింది కండరంతోనో ఆగిపోతుంది. మలద్వారాన్ని బిగించి ఉంచే కండర వలయం తెగితే మూడో డిగ్రీ అనీ, మలాశయం లోపలి పొర కూడా చీలితే నాలుగో డిగ్రీ అనీ అంటారు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అక్కడ ఈ రెండూ కలిపి తొలి నార్మల్ కాన్పుల్లో సుమారు 6 శాతం, తర్వాతి కాన్పుల్లో 2 శాతం కంటే తక్కువ.

ప్రమాదాన్ని పెంచే కారణాల్లో తొలి కాన్పు ఒకటి. బిడ్డ బరువు 4 కిలోలు దాటడం, బిడ్డ ముఖం పైకి తిరిగి ఉండడం, తల వచ్చాక భుజాలు ఇరుక్కోవడం, ముక్కే దశ బాగా సాగిపోవడం మరికొన్ని. ఆసియా మూలాలున్న స్త్రీలకు ఎక్కువగా వస్తోందని పాశ్చాత్య దేశాల లెక్కల్లో తేలింది. వీటిలో వేటినీ మనం మార్చలేం. పైగా స్కాన్‌లో చెప్పే బరువు ఒక అంచనా మాత్రమే. అసలు బరువు దానికి 10 నుంచి 15 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. అందుకే ఆ ఒక్క అంకెను పట్టుకుని నిద్ర పోగొట్టుకోవద్దని మిమ్మల్ని మనసారా కోరుతున్నాను. ఇన్ని కారణాలు ఉన్నా ఏ చీలికా లేకుండా ప్రసవించేవారు ఉన్నారు, ఒక్కటీ లేకపోయినా నాలుగో డిగ్రీ వచ్చినవారూ ఉన్నారు.

నా విషయంలో బిడ్డ ముఖం పైకి ఉంది, ఎంత ముక్కినా తల కిందికి దిగలేదు, బిడ్డ గుండె వేగం తగ్గడంతో ఫోర్సెప్స్ (తలను పట్టి బయటికి లాగే పటకారు లాంటి పరికరం) వేశారు. పరికరంతో చేసే కాన్పుల్లో చీలిక ప్రమాదం పెరుగుతుంది, తలకు కప్పు అంటించి లాగే వాక్యూమ్ కంటే ఫోర్సెప్స్‌తో మరింత ఎక్కువ. అయినా ఆ క్షణంలో బిడ్డను త్వరగా బయటికి తీయడమే ముఖ్యం, ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. బిడ్డ రావడానికి దారి పెద్దదయ్యేలా యోని ద్వారం దగ్గర పెట్టే కోత విషయంలో మాత్రం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. కోత నేరుగా మలద్వారం వైపు పెడితే అదే చీలికగా సాగిపోయే ప్రమాదం ఉంది. పక్కకు, దాదాపు 60 డిగ్రీల కోణంలో పెట్టాలని చెబుతారు. అవసరం ఉన్నా లేకున్నా అందరికీ కోత పెట్టే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లో వద్దంది.

లేబర్ రూమ్‌లో ఆఖరి కొన్ని నిమిషాలు ఎలా గడుస్తాయన్నది ఎంత ముఖ్యమో నాకు రెండో కాన్పులో అర్థమైంది. ముక్కే దశ అంతా నర్సు గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డను కింద అదిమి పట్టుకుంది. గోరువెచ్చని కాపడం తీవ్రమైన చీలికలను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. తల కనిపించగానే డాక్టరు ఒక చేత్తో తల వేగాన్ని ఆపుతూ, రెండో చేత్తో కింది భాగానికి ఆనుపట్టి, "ఇక ముక్కకండి, నోటితో చిన్న చిన్న ఊపిరి తీయండి" అన్నారు. నొప్పి తోసుకొస్తుంటే ముక్కకుండా ఉండడం చాలా కష్టం, కానీ ఆ మాట వినగలిగితే తల మెల్లగా వస్తుంది. 35వ వారం నుంచి ఇంట్లో యోని ద్వారం కింది భాగానికి చేసుకునే మసాజ్ కూడా తొలి కాన్పు వారిలో కుట్లు పడే అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది; ఎలా చేయాలో మీ డాక్టరునే అడగండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది కాన్పు తర్వాతి పరీక్ష గురించి. కుట్లు వేసే ముందు మలద్వారంలో వేలు పెట్టి కండర వలయం సరిగ్గా ఉందో లేదో చూడాలి. నాకు అలా చూసినందువల్లే వలయం సగానికి పైగా తెగిందని తెలిసింది. వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లి, మత్తు ఇచ్చి కుట్టారు. తర్వాత యాంటీబయాటిక్స్, విరేచనం గట్టిపడకుండా మందు, కటి కండరాలకు ఫిజియోథెరపీ ఇచ్చారు. మొదటి వారాల్లో గ్యాస్ ఆపుకోలేకపోయేదాన్ని, కొన్ని నెలల్లో అది పూర్తిగా తగ్గింది. సరిగ్గా కుట్టిన స్త్రీలలో 60 నుంచి 80 శాతం మందికి ఏడాది గడిచేసరికి ఏ ఇబ్బందీ ఉండదు. కనిపెట్టకుండా పైపైన కుట్టేసిన చీలికతోనే చాలాకాలం బాధలు మిగులుతాయి.

ఇక సిజేరియన్ సంగతి. చీలిక భయం ఒక్కటే కారణంగా తొలి కాన్పుకు సాధారణంగా దాన్ని సూచించరు, ఎందుకంటే దానికి తనవైన ప్రమాదాలున్నాయి, అవి తర్వాతి గర్భాల వరకూ వస్తాయి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మధుమేహం లేని తల్లికి బిడ్డ అంచనా బరువు 5 కిలోలు, ఉన్న తల్లికి 4.5 కిలోలు చేరితేనే ఆ ఆలోచన చేయవచ్చంటుంది. మీకు చక్కెర పరీక్ష ఎలా వచ్చిందో రాయలేదు. అది డాక్టరుతో తప్పక మాట్లాడండి. ఈసారి వెళ్లినప్పుడు గోరువెచ్చని కాపడం పెడతారా, కోత ఎప్పుడు, ఏ కోణంలో పెడతారు, కుట్లకు ముందు వేలితో పరీక్ష చేస్తారా అని కూడా అడగండి. లోపలికి మీతో ఎవరు వస్తారో వారికీ ఈ మూడూ చెప్పి ఉంచండి, నొప్పుల్లో ఉన్నప్పుడు అడిగే ఓపిక మీకు ఉండకపోవచ్చు.