కారణం తేలకముందే సూది మందు వద్దు

ప్రశ్న: నా వయసు 46. హనుమకొండలో ఉంటాను. నీరసంగా ఉంటోందని సాయంత్రం రక్తపరీక్ష చేయిస్తే టెస్టోస్టిరాన్ (పురుష హార్మోను) డెసిలీటరుకు 220 నానోగ్రాములే ఉందన్నారు. కారణం మాత్రం తేలలేదు. టెస్టోస్టిరాన్ సూది మందు వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: ఈ హార్మోను ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది గనుక ఆ ఒక్క అంకెను నమ్మకండి, పరగడుపున, ఉదయం 10 గంటల లోపు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయించండి. అప్పుడూ తక్కువే వస్తే, వృషణాలను పనిచేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ చూడాలి. అసలు ఆధారం అక్కడే దొరుకుతుంది: అవి పెరిగి ఉంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు (యుక్తవయసులో గవదబిళ్లలు వచ్చాయేమో అమ్మగారిని అడగండి), పెరగకపోతే పిట్యూటరీ గ్రంథిని అనుమానించి ప్రోలాక్టిన్ (ఆ గ్రంథి విడుదల చేసే మరో హార్మోను), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలను తెలిపే పరీక్ష), అవసరమైతే ఎంఆర్ఐ చేయించాలి. స్థూలకాయం, మధుమేహం, గురకతో నిద్రలో శ్వాస ఆగడం, నడుంనొప్పికి నెలల తరబడి మింగే ట్రమడాల్ కూడా టెస్టోస్టిరాన్ని తగ్గించగలవు. సూది మందు వీర్యకణాలను తగ్గిస్తుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల వైద్యుడికి) ముందే చెప్పండి.