బీఎస్ఎఫ్, ఐబీ లాంటి వాటిని పార్లమెంటు నిజంగా నిలదీయగలదా, లేక అంతా పేరుకేనా?

యూనిఫాం వేసుకున్న బలగాలనైతే కొంతవరకు నిలదీయగలదు. గూఢచారి సంస్థలైన ఐబీ, 'రా' దగ్గరికొచ్చేసరికి దాదాపు ఏమీ లేదనే చెప్పాలి.

నాకిది తెలిసింది మా తమ్ముడి వల్ల. వాడు ఒక సరిహద్దు బలగంలో ఉన్నాడు. మరదలు, పిల్లలు అల్వాల్‌లో మాతోనే ఉంటారు. ఫ్యామిలీ క్వార్టర్ కోసం మూడేళ్ళుగా లిస్టులోనే ఉన్నాడు. అసలు ఎన్ని క్వార్టర్లున్నాయి, ఎన్ని ఖాళీ అని ఆర్టీఐ వేశాను. రెండు లైన్ల జవాబొచ్చింది: సెక్షన్ 24 కింద మాకు ఈ చట్టం వర్తించదు. నిజమే, 2005 చట్టం రెండో షెడ్యూల్లో ఐబీ, 'రా'లతో పాటు బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, ఐటీబీపీ కూడా ఉన్నాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలుంటేనే అడగొచ్చు. క్వార్టర్ రాకపోవడం ఆ రెంటిలో దేని కిందికీ రాదు, మా మరదలు ఒప్పుకోకపోయినా!

తర్వాత మా ఎంపీ ఆఫీసుకు వెళ్ళాను. పీఏ నా రెండు పేజీల అర్జీ చదివి, తమ్ముడి పేరున్న చోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. "ఒక్క మనిషి గొడవలా ఉంటే తీసుకోరండీ, లెక్కలు అడగండి" అన్నాడు. చివరికి నాలుగు లైన్లు మిగిలాయి. దాన్నే నక్షత్రం గుర్తు లేని ప్రశ్నగా, అంటే రాతపూర్వక జవాబు కోసం, పంపారు. ఆ సమావేశాల్లోనే హోం శాఖ జవాబిచ్చింది, బలగాల వారీగా పట్టికతో సహా. నాకు ఇవ్వనన్న అంకె పార్లమెంటు వెబ్‌సైట్లో ఊరందరికీ కనిపించింది. క్వార్టర్ మాత్రం ఇంకా రాలేదు లెండి.

ఇంకొంచెం లోతుగా చూసేది హోం వ్యవహారాల స్థాయీ సంఘం, అంటే ఎంపీల కమిటీ. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. ఏటా హోం శాఖ పద్దులు చూస్తుంది. సిఫార్సులు పాటించి తీరాలని లేదు, కానీ ఏం చేశారో శాఖ చెప్పాలి. 2021లో పంజాబ్, బెంగాల్, అస్సాంలలో సరిహద్దు నుంచి బీఎస్ఎఫ్ సోదాలు, అరెస్టులు చేయగల పరిధిని 15 నుంచి 50 కిలోమీటర్లకు పెంచింది ఒక నోటిఫికేషన్‌తోనే. అలాంటి ఉత్తర్వును ఉభయ సభల ముందు పెట్టాలని బీఎస్ఎఫ్ చట్టంలోనే ఉంది.

'రా' 1968లో పుట్టింది, దానికంటూ ఒక చట్టం లేదు. ఐబీదీ అదే కథ. వీటిని చట్టం కిందికి, పార్లమెంటు పర్యవేక్షణలోకి తేవాలని 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. బ్రిటన్‌లో గూఢచారి సంస్థలను చూడడానికి 1994 నుంచే చట్టంతో ఏర్పడ్డ ఎంపీల కమిటీ ఉంది.

మీరూ అడగాలనుకుంటే సమావేశాలకు నెల ముందే ఎంపీని కలవండి. ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.