ఫ్యాక్టరీ పోయినా నేలలో మిగిలేవి: స్థలం శుభ్రం చేయించబోతున్న అమ్మాయికి ఉత్తరం

అమ్మాయీ,

మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలాన్ని బాగుచేయించి ఇళ్లు, పార్కు కట్టించే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. వెంటనే కాస్త టెన్షన్ కూడా పడ్డాను. ఇలాంటి పనుల్లో అందరి తొందరా భవనాల డిజైన్ మీదే ఉంటుంది. ఆ నేలలో ఏముందో తేలేదాకా నువ్వు డిజైన్ జోలికి పోవద్దు. ఎంతమంది తొందరపెట్టినా సరే.

ముందు పాత మ్యాపులు, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు, లైసెన్సులు, అగ్నిప్రమాదాల రికార్డులు తెప్పించు. ఒకే స్థలంలో ఒకదాని తర్వాత ఒకటి మూడు నాలుగు పరిశ్రమలు నడిచి ఉండొచ్చు, కాబట్టి గేటు మీద మిగిలిన బోర్డును నమ్ముకోకు. ఎలక్ట్రోప్లేటింగ్, అంటే కరెంటుతో లోహపు పూత వేసే పని, జరిగిన చోట క్రోమియం, సయనైడ్ వెతకాలి. బ్యాటరీలు చేసిన చోట సీసం, పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న చోట వాటి నూనెలో వాడిన పీసీబీలనే విష రసాయనాలు, లోహపు భాగాల జిడ్డు వదిలించిన చోట ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం. బొగ్గు నుంచి గ్యాస్ తీసిన ప్లాంటయితే తారు, బెంజీన్ తప్పకుండా ఉంటాయనుకో. అలాంటి చోట తవ్వితే ఒక్కోసారి మట్టి ముదురు నీలంగా బయటపడుతుంది. గ్యాస్‌ను శుద్ధి చేయడానికి వాడి పారేసిన ఐరన్ ఆక్సైడ్‌లో చేరిన సయనైడ్ వల్ల వచ్చే రంగది. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే అలవాటు ఈ రంగంలో చాలామందికి ఉంది. నువ్వు చూడకు, నీ దగ్గర పనిచేసేవాళ్లను చూడనివ్వకు. ఆవిర్లు కొలవడానికి మీటర్లున్నాయి.

అక్కడ పనిచేసి రిటైరైన కార్మికులను కూడా వెతికి పట్టుకో. ఏ ట్యాంకు కారేది, ఏ మూల డ్రమ్ములు పాతిపెట్టారు అన్నది ఏ రికార్డులోనూ దొరకదు, వాళ్లకే తెలుస్తుంది.

లవ్ కెనాల్ గురించి చదివే ఉంటావు. అమెరికాలోని నయాగరా ఫాల్స్‌లో హూకర్ కెమికల్ అనే కంపెనీ 1940లలో, 50ల మొదట్లో ఒక పాత కాలువలో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూల్ బోర్డుకు రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులోనే ఉంది. అయినా స్కూలు కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. నిర్మాణ పనుల్లో పైన కప్పిన బంకమట్టి తెగింది. వాన నీళ్లు లోపలికి దిగి, కాలువ నిండి, విషం ఇళ్ల కింది గదుల్లోకి వచ్చింది. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ ఎమర్జెన్సీ ప్రకటించారు, వందల కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయి. నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ దస్తావేజే. విషయం రాసి ఉండి కూడా ఎవరికీ పనికిరాలేదు. అందుకే నీ రిపోర్టులో ఉన్న ప్రతి హెచ్చరికా పైపులైన్ తవ్వే కాంట్రాక్టర్ చేతికి రాతపూర్వకంగా వెళ్లాలి.

శాంపిళ్ల దగ్గర మాత్రం డబ్బు మిగల్చాలని చూడకు. విషం నేలంతా సమానంగా పరుచుకుని ఉండదు. నాలుగడుగుల దూరంలో ఫలితం పూర్తిగా మారిపోవచ్చు. అనుమానం ఉన్న చోట్ల దగ్గర దగ్గరగా తియ్యి, మిగతా స్థలమంతా గళ్లుగా విడగొట్టి గడికొకటి తియ్యి. భూగర్భ జలానికి ఒకే లోతులో బోరు వేసి సరిపెట్టొద్దు. పెట్రోలు నీటి మీద తేలుతుంది. ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటే బరువు, కిందికి దిగిపోయి గట్టి పొర తగిలాక దాని మీద పక్కకు పాకుతుంది. పైపైన తీసిన నీళ్లలో అది దొరక్కపోవచ్చు. పైగా అది ఆవిరై మట్టిలోంచి పైకొచ్చి, గచ్చు పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి ఇళ్లలోకి చేరుతుంది. ఇళ్లు కట్టే నేల కాబట్టి మట్టిలోని గాలిని కూడా పరీక్ష చేయించు.

ఎలా శుద్ధి చేయాలన్నది ఆ తర్వాతి మాట. తవ్వి లారీల్లో పంపేయడం అందరికీ తేలిగ్గా తోస్తుంది కానీ, ఆ విషం ఇంకో ఊరి పక్కకు చేరుతుంది. ఇంధనాల్లాంటి వాటిని సూక్ష్మజీవులు తినేస్తాయి, ఆవిరయ్యేవాటిని నేలలోంచి గాలితో పాటు లాగేయొచ్చు. సీసం అలా మాయం కాదు, దాన్ని తీసెయ్యాలి, లేదా కదలకుండా బిగించి పైన కప్పెయ్యాలి. మొక్కలు పీల్చేస్తాయని ఎవరైనా చెబితే ఎన్నేళ్లు పడుతుందో, ఎంత లోతుదాకా పనిచేస్తుందో అడుగు. పిల్లలు మట్టిలో ఆడుకునే చోటుకు, కార్లు నిలిపే చోటుకు ఒకే ప్రమాణం సరిపోదు. ఎక్కువ చెడిన భాగంలో ఇళ్లు రాకుండా ప్లాన్ మార్చమని గట్టిగా అడుగు. బయటి నుంచి తెచ్చి పోసే మట్టిని కూడా పరీక్షించాకే లోపలికి రానివ్వు.

తవ్వినన్నాళ్లూ దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టించు, లారీల చక్రాలు కడిగించు, మట్టి మీద పట్టాలు కప్పించు. పక్కనున్నవాళ్లకు ఫలితాలు దాచకుండా చెప్పు. ఆ దుమ్ము పీల్చేది వాళ్లు, వాళ్ల పిల్లలు.

అమెరికాలోని సియాటిల్‌లో 1956లో మూతపడ్డ గ్యాస్ ప్లాంటును రిచర్డ్ హాగ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పార్కుగా మార్చారు, 1975లో తెరిచారు. పాత టవర్లను కూల్చకుండా ఉంచడం నాకెంతో నచ్చుతుంది. కానీ తెరిచిన దశాబ్దాల తర్వాత కూడా అక్కడ మళ్లీ శుద్ధి పనులు చేయాల్సి వచ్చింది. కాబట్టి పరీక్ష బోర్లను పూడ్చేయనివ్వకు. వాటి నీళ్లను ఏటా ఎవరు పరీక్షించాలి, డబ్బు ఎవరివ్వాలి అన్నది ఇప్పుడే ఒప్పందంలో రాయించు. అక్కడ తాగునీటి బోర్లు వేయకూడదన్న షరతు స్థలం రికార్డులోకి ఎక్కించు.

పాత మ్యాపులు చేతికొచ్చాక శాంపిళ్ల ప్లాన్ వేసి నాకు పంపు. ల్యాబుకు వెళ్లేలోపు కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన