సైలెన్సర్ మార్చినా పోని గలగల చివరికి ఎక్కడ దొరికిందంటే

బండి కింద గలగల వస్తోంది, సైలెన్సర్ మార్చాలా అన్న మీ ప్రశ్న చదవగానే రెండేళ్ల కిందటి నా గోలే గుర్తొచ్చింది. పొద్దున్నే పికప్ స్టార్ట్ చేస్తే కింద రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు చప్పుడు, బండి వేడెక్కాక తగ్గడం, మళ్లీ ఎక్సలేటర్ మెల్లగా వదిలినప్పుడు రావడం, మెకానిక్ ఒకసారి విని సైలెన్సర్ పోయింది మార్చెయ్యమనడం... మీరు రాసినవన్నీ నాకూ వరసగా జరిగాయి. మీరు మార్చే ముందు అడుగుతున్నారు, నేను మార్చేశాక తల పట్టుకున్నాను, అంతే తేడా. కాబట్టి ముందే చెబుతున్నా, ఇప్పుడే సైలెన్సర్ కొనకండి.

కొత్త సైలెన్సర్ పెట్టిన మర్నాడు పొద్దున బండి తీస్తే అదే గలగల. అప్పుడు విప్పి పక్కన పడేసిన పాతదాన్ని ఎత్తి గట్టిగా ఊపి చూశాను. చిన్న చప్పుడు కూడా లేదు. సైలెన్సర్ పాడయిందంటే సాధారణంగా లోపల ఉండే పలకలు ఊడి లొడలొడమంటాయి, ఊపితే తెలిసిపోతుంది. ఆ పని కొనకముందు చేయాలని అప్పుడు తట్టలేదు.

ఈ రకం చప్పుడుతో చిక్కేంటంటే, చెవి మోసం చేస్తుంది. ఇంజిన్ దగ్గర మొదలైన పొగ గొట్టం బండి వెనక దాకా సాగుతుంది కాబట్టి ఒక కొసన తగిలింది ఇంకో కొసన మోగుతుంది. అందుకే ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం ఆపేసి, ఎప్పుడెప్పుడు వస్తోందో నాలుగు రోజులు ఫోన్‌లో రాసుకున్నాను: ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, న్యూట్రల్‌లోనా గేర్‌లోనా, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత, వెనక లోడు ఉందా లేదా. తేలింది ఏంటంటే చల్లగా ఉన్నప్పుడు బాగా వస్తోంది, 1,500 ఆర్‌పీఎం దగ్గర ఎక్కువ, 2,000 దాటితే మాయం, లోడుతో సంబంధం లేదు.

దీంట్లోనే సగం జవాబు ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 50 సార్లు ఇంధనం పేలుతుంది. వదులైన రేకు ఊగే వేగం ఆ లెక్కకు సరిపోయిందంటే అక్కడే గోల పెడుతుంది, వేగం దాటగానే నోరు మూసుకుంటుంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి సందులు బిగుసుకుంటాయి, అందుకే కాసేపటికి తగ్గుతుంది. లోడు వేస్తే చప్పుడు మారే బండి సంగతి వేరు. లోడుకు బాడీ కిందికి దిగి, వెనక ఇరుసు పైనుంచి వెళ్లే గొట్టానికీ ఇరుసుకీ మధ్య సందు తగ్గుతుంది, అప్పుడు గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు తెగాయేమో, సాగాయేమో చూడాలి. నాది అది కాదు.

ఇక బండి కిందకి దూరాలి. రాత్రంతా ఆగిన బండే అయి ఉండాలి, ఎందుకంటే నడిచి వచ్చిన బండిలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, తాకితే చర్మం ఊడిపోతుంది. చదునైన నేల, చక్రాలకు అడ్డు, బండి లేపితే కింద స్టాండ్లు, ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం తల పెట్టకండి. రబ్బరు సుత్తితో ముందు నుంచి వెనక్కి ఒక్కో చోటా మెల్లగా తడుతూ పోండి. హీట్ షీల్డ్ (వేడికి అడ్డుగా పెట్టే రేకు) వదులైతే పలచని రేకు మోత, కన్వర్టర్ లోపలి పింగాణీ విరిగితే డబ్బాలో గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తుంది.

నేను తట్టినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి! అక్కడ దాదాపు వదిలేశాను. లేచే ముందు విసుగుతో గొట్టాన్ని రెండు చేతులతో పట్టి పక్కకి తోస్తే పైనెక్కడో జల్లుమంది. గొట్టానికీ క్యాబిన్ ఫ్లోరుకీ మధ్య, కింద నుంచి సరిగ్గా కనిపించని చోట, ఒక హీట్ షీల్డ్ ఉంది. దాని బోల్టు బిగుతుగానే ఉంది, బోల్టు పట్టుకోవాల్సిన రేకే లేదు, రంధ్రం చుట్టూ తుప్పు తినేసి బోల్టు తల కింద పెద్ద సందు మిగిలింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

వెంటనే బిగించలేదు, ఒకసారి దెబ్బ తిన్నాను కదా. ఇనుప తీగతో కదలకుండా కట్టి ఒక రోజు తిప్పాను, చప్పుడు లేదు. అప్పుడు బోల్టు విప్పి (ముందు రోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాను, లేకపోతే విరిగేది) తుప్పు రంధ్రాన్ని మూసేంత పెద్ద స్టీలు వాషర్ వేసి బిగించాను. మీ షీల్డ్ కన్వర్టర్‌కి చుట్టుకుని ఉండే రకమైతే పెద్ద స్టెయిన్‌లెస్ హోస్ క్లాంపు (స్క్రూతో బిగుసుకునే పట్టీ) చుట్టి బిగిస్తే చాలు. ప్లాస్టిక్ ట్యాగులు కట్టకండి, కరిగిపోతాయి. కొందరు షీల్డే పీకి పారేయమంటారు, చప్పుడు పోతుంది నిజమే, కానీ ఫ్లోరుకీ పక్కన వెళ్లే పైపులకీ వేడి తగలకుండా, ఎండుగడ్డి మీద ఆపితే అంటుకోకుండా కాపాడేది ఆ రేకే. రేకుకీ గొట్టానికీ మధ్య గులకరాయి ఇరుక్కున్నా ఇదే చప్పుడు వస్తుంది, బోల్టు విప్పేముందు అదీ చూసుకోండి.

మీ దాంట్లో ఇది కాకపోతే రెండు సంగతులు. చల్లటి ఇంజిన్‌లో టిక్ టిక్ మంటూ ఎక్సలేటర్‌తో పాటు పెరిగితే మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను గొట్టంలోకి పంపే భాగం) స్టడ్ బోల్టు విరిగో, జాయింటు మధ్య ఉండే గ్యాస్కెట్ పోయో పొగ లీకవుతూ ఉండొచ్చు, జాయింటు దగ్గర నల్లటి మసి కనిపిస్తుంది. దీన్ని వాయిదా వేయకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన లేకుండా క్యాబిన్‌లోకి చేరుతుంది. కన్వర్టర్ లోపల గులకరాళ్ల మోత ఉంటే, ఇంజిన్ మిస్ కొడుతోందేమో ముందు చూపించండి. కాలని ఇంధనం అందులోకి వెళ్లి మండితేనే చాలాసార్లు అది పోతుంది, ఆ కారణం అలాగే ఉంటే కొత్తదీ పోతుంది. ముక్కలు అడ్డుపడితే బండి లాగడం కూడా తగ్గుతుంది.

అన్నట్టు, ఇవన్నీ మొదలుపెట్టే ముందు వెనక బాడీ కింద వేలాడే స్టెప్నీని కాలితో ఒక తాపు తన్ని చూడండి. దాని గొలుసు వదులైనా అచ్చం ఇలాగే మోగుతుంది, అది బిగించడానికి రెండు నిమిషాలు చాలు.