పాథాలజీ సీటు వదిలేసి మళ్లీ రాయించాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట. నేను హైస్కూలు టీచర్ని. మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తి చేసింది. ప్రభుత్వ కాలేజీలో ఎండీ పాథాలజీ సీటు వచ్చేలా ఉంది. తనకు ఇష్టమే, ప్రొఫెసర్ అవుతానంటోంది. బంధువులంతా రేడియాలజీ అంటున్నారు. ఈ ఏడాది వదిలేసి పీజీ ప్రవేశ పరీక్ష మళ్లీ రాయించమంటారా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, కౌన్సెలింగ్ రోజులొస్తే ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. పైకి అడిగేది ఏ బ్రాంచి మంచిదని. లోపలి గుబులు మాత్రం ఇంటిముందు బోర్డు ఉండదని, సంబంధాలు చూసేవాళ్లు ‘ల్యాబ్‌లో పనా?’ అంటారని. అవునా?

రక్తం తీసేదీ, మిషన్ నడిపేదీ టెక్నీషియన్లు. పాథాలజిస్టు పని వేరు. రొమ్ములో గడ్డ ఉన్న మనిషి ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే, కోసి తీసిన ముక్క ల్యాబ్‌కు వస్తుంది. దాన్ని అప్పటికప్పుడు గడ్డకట్టించి, పల్చగా కోసి, రంగువేసి, మైక్రోస్కోపులో చూసి క్యాన్సరా కాదా, అంచుల్లో ఇంకా మిగిలి ఉందా అని ఫోన్‌లో చెప్పాలి. సుమారు 20 నిమిషాల పని. అంతవరకూ సర్జన్ ఆగాల్సిందే. ఆ ఫోన్ చేసే మనిషిని డాక్టరు అనరా?

ఇక రేడియాలజీ. డబ్బుంది, కాదనను. కానీ అందరూ ఎగబడే చోట నాకు అనుమానాలున్నాయి. సొంతంగా సీటీ, ఎంఆర్ఐ పెట్టాలంటే కోట్లు కావాలి. అల్ట్రాసౌండ్ మిషన్ ఒక్కటి పెట్టినా లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద రిజిస్ట్రేషన్, గర్భిణులకు చేసే ప్రతి స్కానింగ్‌కూ ఫారం-ఎఫ్ అనే పత్రం నింపాలి. అప్పు వద్దనుకుంటే మరొకరి సెంటర్లో పొద్దస్తమానం రిపోర్టుల మీద రిపోర్టులు. ఏఐ వచ్చి పాథాలజీని మింగేస్తుందని భయపెట్టేవాళ్లు ఒకటి మర్చిపోతారు. ఎక్స్‌రేలు, సీటీలు ఎప్పుడో డిజిటల్ అయిపోయాయి కాబట్టి ఏఐ ముందుగా చేరింది అక్కడికే. గాజు స్లైడును కంప్యూటర్ చదవాలంటే ముందు ఖరీదైన స్కానర్ కావాలి. నిజానికి రెండు చోట్లా డాక్టరు అవసరం పోతుందని నేననుకోను. అసలు మళ్లీ రాస్తే ర్యాంకు పెరుగుతుందని మీకెవరు రాసిచ్చారు? ఏడాది కూర్చుని ఇంకా కిందికి జారిన పిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్లకు సలహా ఇచ్చిన బంధువులు ఒక్కరూ వెంట రారు.

దారి సంగతి: ఎండీ 3 ఏళ్లు, సీనియర్ రెసిడెన్సీ (పీజీ అయ్యాక ఆసుపత్రిలో చేసే డ్యూటీ) ఏడాది, తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్. ఆపైన పనిచేసిన ఏళ్లూ, పరిశోధన పేపర్లూ చూసి అసోసియేట్, ప్రొఫెసర్. పాథాలజీ డిపార్టుమెంటు లేని మెడికల్ కాలేజీ ఉండదు. మీ చుట్టుపక్కలే శ్రీకాకుళం ప్రభుత్వ కాలేజీ, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ కాలేజీ ఉన్నాయి. ఆదాయం మెల్లగా పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి. ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరు సంతకం ఉండాలని 2017లో సుప్రీంకోర్టు అన్నాక సంతకాలకు గిరాకీ వచ్చింది. మనిషి వెళ్లకుండా నాలుగైదు ల్యాబ్‌లకు సంతకం అద్దెకిచ్చేవాళ్లూ తయారయ్యారు. చూడని స్లైడుకు సంతకం చేయనని అమ్మాయి అంటే, ‘అందరూ చేస్తున్నారుగా’ అని మీరు అడ్డుపడకండి.

ఇంకో మాట. ఉద్దానం మీ జిల్లాలోనే ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. బయాప్సీల్లో దెబ్బ ఎక్కువగా కనిపించేది కిడ్నీ గొట్టాల్లో, వాటి చుట్టూ ఉన్న కణజాలంలో. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఆ బయాప్సీ ముక్కలు చదివి, రాసి, పిల్లలకు నేర్పే మనిషి కావాలి. మీ అమ్మాయి అడుగుతున్న ఉద్యోగం అదే. బోర్డు కోసం ఏడాది పోగొడతానంటే, నాకు కోపం వస్తుంది మాస్టారూ.

పోలిక అడిగారు, ఇంతకంటే చెప్పలేదని అనుకోకండి. ఆప్షన్లు పెట్టేముందు ఇవి కనుక్కోండి: ఆ ఆసుపత్రిలో ఆపరేషన్లు బాగా జరుగుతాయా, ఫ్రోజెన్ సెక్షన్ (పైన చెప్పిన, ఆపరేషన్ మధ్యలోనే ముక్క చూసి చెప్పే పరీక్ష) చేస్తారా, క్యాన్సర్ రకం తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ ఉందా, పీజీలకు రోజూ స్లైడ్లు చూపించే ప్రొఫెసర్లున్నారా. సీనియర్ పీజీలకు ఫోన్ చేస్తే అరగంటలో తెలిసిపోతుంది. ఆ ఫోన్లు మీరు కాదు, అమ్మాయే చేయాలి.