ఇంట్లోకి చెక్క, రాయి, పచ్చదనం: అప్పు చేసి తేవాలా?

ప్రశ్న: సొంతింట్లోకి కొత్తగా వచ్చాం. హాల్లో చెక్క ప్యానెళ్లు, రాతి పలకలు, వెదురు పార్టిషన్, ఒక గోడ నిండా మొక్కలు పెట్టించుకోవాలని ఉంది. కొటేషన్ మా ఐదు నెలల ఇంటి ఖర్చుతో సమానంగా వచ్చింది. ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. నెలనెలా ఇంటి ఖర్చులో పావు వంతు మిగులుతోంది. 12 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్ల అప్పు ఇస్తామంటున్నారు. పొదుపు కదపకుండా అప్పు తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. ఫ్లాట్ వడ్డీలో అసలు తీరుతూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే పడుతుంది. 100కి మూడేళ్లలో 36 వడ్డీ కడతారు. తగ్గే బాకీ మీద లెక్కగడితే అది ఏడాదికి సుమారు 21 శాతం. మీ కొటేషన్ మీద వడ్డీ ఒక్కటే 1.8 నెలల ఇంటి ఖర్చవుతుంది. మీకు మిగిలే దాంట్లో ముప్పాతిక వంతు ఈఎంఐకే పోతుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా, కదపొద్దనుకున్న పొదుపే తీయాలి.

అలాగని పొదుపంతా ఊడ్చి పెట్టేయకండి. ఆరు నెలల ఖర్చుకు సరిపడేది పక్కన పెడితే రెండు నెలలది చేతిలో ఉంటుంది. దానికి నెలనెలా మిగిలేది కలుపుకుంటూ పోతే ఆరు నెలల్లో మూడున్నర నెలల ఖర్చంత పోగవుతుంది. కాబట్టి కొటేషన్‌ను మూడుకి దించాలి. మిగతా అర అనుకోని ఖర్చులకు. పాత ప్లాస్టర్ ఊడిరావడం, కోతలో పలకలు పగలడం లాంటివి లేని పని ఉండదు.

ముందు తీసేయాల్సింది మొక్కల గోడ. దానికి పంపు, డ్రిప్పు, ఎరువు, చాలాచోట్ల లైట్లు కూడా కావాలి. ఒక్క డ్రిప్పర్ మూసుకుపోతే ఆ వరుస ఎండిపోతుంది, నీరు కారితే వెనక గోడ చెమ్మ పడుతుంది. అది కొన్నప్పటి ఖర్చుతో ఆగే వస్తువు కాదు, ప్రతి నెలా జీతం అడుగుతుంది. బదులుగా కిటికీ దగ్గర ఆరేడు కుండీలు చాలు. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, మనీప్లాంట్ తక్కువ వెలుతురుకు తట్టుకుంటాయి. కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి. ఇంట్లో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై వేళ్లకు గాలి ఆడక. గాలిని శుద్ధి చేస్తాయని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని చూపిన 1989 నాటి నాసా ప్రయోగం మూసేసిన చిన్న పెట్టెల్లో జరిగింది. భవనంలోకి మామూలుగా వచ్చిపోయే బయటి గాలితో వచ్చే మార్పు మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో పరిశోధకులు లెక్కతేల్చారు.

ఖర్చు లేని పని ఇంకోటి ఉంది. కిటికీకి అడ్డంగా ఉన్న అల్మరా జరిపి, మందపాటి కర్టెన్ స్థానంలో పల్చటిది వేయండి. కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు శస్త్రచికిత్స తర్వాత త్వరగా ఇంటికెళ్లారని 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ అధ్యయనం చూపింది. మీ కిటికీకి ఎదురుగా చెట్టు ఉంటే కుర్చీ అటు తిప్పడమే మీ మొదటి ఇంటీరియర్ పని.

చెక్కకు నా లెక్క ఇది: చేయి తగిలే చోట అసలు చెక్క, కన్ను మాత్రమే పడే చోట వెనీర్, అంటే ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి చెక్క పొర. బల్ల పైభాగం, తలుపు, మెట్ల రెయిలింగ్ అసలు చెక్కవైతే గీతలు పడ్డా చిత్రిక పట్టి మళ్లీ పాలిష్ చేయొచ్చు. వెనీర్ పొర సాధారణంగా అర మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది, గట్టిగా రుద్దితే ప్లైవుడ్ బయటపడుతుంది. గోడ ప్యానెల్‌ను ఎవరూ రుద్దరు కాబట్టి అక్కడ వెనీర్ సరిపోతుంది. మీ కొటేషన్ బాగా దిగేది ఇక్కడే. అసలు చెక్క తేమ పీలిస్తే వెడల్పులో ఉబ్బుతుంది, అందుకే బిగించే ముందు కొన్నాళ్లు అదే గదిలో ఉంచమనండి.

రాయి కొనేముందు శాంపిల్ మీద నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. రంగు ముదిరితే రాయి నీరు పీలుస్తోంది, అది పీల్చకుండా పైన పూసే సీలర్ ఖర్చు కలుపుకోవాలి. మార్బుల్ మీద పులుపు పడితే మెరుపు పోతుంది. సీలర్ మరకను ఆపుతుంది కానీ దీన్ని ఆపలేదు. వంటింటి గట్టుకు గ్రానైట్ మేలు.

వెదురు శుద్ధి చేసిందేనా అని అడిగి, బిల్లు మీద రాయించండి. లేకపోతే అందులోని పిండిపదార్థానికి పురుగు చేరుతుంది. పార్టిషన్ కింద రోజూ ఊడ్చినా సన్నటి పొడి మళ్లీ కనిపిస్తోందంటే లోపల తొలిచేస్తోందనే అర్థం.

వీటన్నిటికంటే ముందు చెమ్మ చూడండి. అర మీటరు పాలిథీన్ షీటును గోడకు నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు తడి కనిపిస్తే డబ్బు మొదట ఆ చెమ్మ బాగుచేయడానికే. ఈ పరీక్ష ఎగ్గొట్టి చెక్క బిగిస్తే అది వెనక నుంచి బూజు పట్టి వంకర తిరుగుతుంది, పెట్టినదంతా రెండోసారి పెట్టాలి.

పెట్టిన ఖర్చులో ఏడాదికి 4 శాతం పాలిష్, సీలర్, మొక్కల మార్పిడికి విడిగా దాచండి. కాంట్రాక్టర్‌కు పని పూర్తయిన భాగానికే డబ్బివ్వండి, చివరి 10 శాతం వాతావరణం ఒకసారి మారేదాకా ఆపుతామని ఒప్పందంలో రాసుకోండి. చెక్క జాయింట్లు విచ్చుకునేది అప్పుడే.