ఇరుకు చోట్ల భయం హిప్నోథెరపీతో తగ్గుతుందా? నా అనుభవం

మూసిన తలుపుల వెనుక ఉండలేకపోతున్నానని, ఎన్ని అంతస్తులైనా లిఫ్టు మానేసి మెట్లే ఎక్కుతున్నానని, హిప్నోథెరపీ చేయించుకుంటే ఈ భయం ఎన్ని సెషన్లలో పోతుందో అనుభవం ఉన్నవారు చెప్పాలని మీరు అడిగారు. నేను ఇదే భయంతో 14 ఏళ్లు బతికాను, హిప్నోథెరపీ కూడా చేయించుకున్నాను. నాకు 6 సెషన్లు పట్టాయి. అయితే ఆ సంఖ్య మీకు పెద్దగా ఉపయోగపడదని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే నా ఎమ్మారై సంగతి చెప్పాలి.

మెడనొప్పి ఎంతకూ తగ్గకపోవడంతో డాక్టరు ఎమ్మారై తీయించమన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, మెడ కదలకుండా ముఖం మీదుగా పంజరం లాంటి చట్రం బిగించి, అవసరమైతే నొక్కమని చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టారు. బల్ల లోపలికి జరుగుతుంటే గొట్టం పైకప్పు నుదుటి మీదికి, కళ్ల మీదికి, నోటి మీదికి వచ్చింది. ముఖానికీ దానికీ మధ్య జానెడు దూరం కూడా లేదనిపించింది. అంతే, గుండె దడదడలాడింది, అరచేతులు చెమటతో తడిసిపోయాయి, గాలి ధారాళంగా వీస్తున్నా ఊపిరి అందడం లేదనిపించింది. యంత్రం చప్పుడు మొదలుకాకముందే బుడ్డి నొక్కేశాను. బయటికి తీసి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ప్రయత్నించారు. ఆ రోజు మూడుసార్లు లోపలికి వెళ్లి, మూడుసార్లూ బుడ్డి నొక్కి బయటికి వచ్చాను. అక్కడి టెక్నీషియన్ విసుగ్గా, "చిన్నపిల్లలు కూడా కదలకుండా పడుకుంటారండీ" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఫోబియా ఉన్న మనిషికి ధైర్యం నూరిపోయాలని చూసే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒక్కటే: అక్కడ ప్రమాదం లేదని మాకూ తెలుసు. కానీ మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాద సంకేతం పంపితే, ఆలోచన మేలుకునేలోపే శరీరం పారిపోవడానికి సిద్ధమైపోతుంది. దానిని తర్కంతో ఆపలేము.

ఆ రోజు స్కాన్ కాకుండానే బయటికి వచ్చి, ఆరుబయట నిలబడి ఊపిరి పీల్చుకున్నప్పుడు ప్రాణం లేచి వచ్చింది. నాకు హాని చేసింది ఆ హాయేనని తరువాత తెలుసుకున్నాను. పారిపోయిన ప్రతిసారీ మనసుకు ఉపశమనం బహుమతిగా దొరుకుతుంది కాబట్టి అది మరింత శ్రద్ధగా పారిపోవడం నేర్చుకుంటుందని అమెరికన్ మనస్తత్వవేత్త మౌరర్ 1940లలోనే వివరించారు. లిఫ్టుతో మొదలైన నా భయం కిటికీలు లేని గదులకు, ఆ తరువాత విమానాలకు, చివరికి స్నానాల గది గడియ దాకా ఎలా పాకిందో ఈ ఒక్క వివరణతో నాకు అర్థమైంది.

ఆ తరువాత ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. మొదటి సెషన్‌లో ఆమె హిప్నాసిస్ ఊసే ఎత్తలేదు. ఈ దడ ఎప్పుడెప్పుడు వస్తుందో అడిగి, గుండె, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయో లేదో కనుక్కున్నారు. తరువాత నా భయాలను 0 నుంచి 100 వరకు మార్కులు వేసి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మెట్లు మెట్లుగా రాయించారు. తలుపు తెరిచి ఉన్న లిఫ్టులో నిలబడటం 30, ఎమ్మారై గొట్టం 100.

చిన్నప్పుడు నన్నెవరో గదిలో పెట్టి తాళం వేసి ఉంటారని, హిప్నాసిస్‌లో ఆ జ్ఞాపకం బయటపడగానే భయం పోతుందని నేను గట్టిగా అనుకునేవాడిని. ఆ వెతుకులాటకు ఆమె ఒప్పుకోలేదు. హిప్నాసిస్ జ్ఞాపకాలను సరిదిద్దదని, జరగని సంగతులను కూడా జరిగినట్లు నమ్మించగలదని, కారణం తెలియకపోయినా భయాన్ని తగ్గించవచ్చని చెప్పారు. అప్పుడు నిరాశపడ్డాను కానీ, ఇప్పుడు ఆమె పట్ల కృతజ్ఞతగా ఉంది. గత జన్మలోకి తీసుకెళతామని, ఒక్క సిట్టింగులో ఫోబియాను వేళ్లతో పెకలిస్తామని ప్రకటనలు ఇచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. వారి దగ్గర విఫలమైన మనిషి, తనకు ఇక ఏ వైద్యమూ పనిచేయదనే నిర్ధారణతో ఇంటికి వెళతాడు.

హిప్నాసిస్ అంటే నిద్ర కాదు. 1840లలో ఈ పద్ధతికి హిప్నాటిజం అనే పేరును వాడుకలోకి తెచ్చిన స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్, నిద్ర అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి దానిని తీసుకుని, తరువాత ఆ పేరు తప్పుదోవ పట్టిస్తోందని గ్రహించి, మనసు ఒకే ఆలోచన మీద నిలవడమనే అర్థంతో మోనోఐడియిజం అని మార్చాలని చూశారు. అప్పటికే పాత పేరు జనంలో పాతుకుపోయింది. నా అనుభవంలో బ్రెయిడ్ రెండో పేరే సరైనది. కంటికి కాస్త ఎత్తులో ఉన్న ఒక బిందువును చూస్తూ, ఆమె లెక్కపెడుతుంటే ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉన్నాను. రెప్పలు బరువెక్కాయి. బయట కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది, ఆమె మాటలన్నీ వినిపించాయి, లేచి వెళ్లాలనుకుంటే వెళ్లగలనని కూడా తెలుసు. వెళ్లాలనిపించలేదు, అంతే.

ఆ స్థితిలో ఆమె నన్ను ఏ ప్రశాంతమైన తోటకో, సముద్రతీరానికో తీసుకెళ్లలేదు. ఫోన్లలో దొరికే రిలాక్సేషన్ ఆడియోల మీద నా ఫిర్యాదు ఇదే: అవి భయం లేని చోటికి తీసుకెళ్లి హాయినిస్తాయి, మన సమస్య మాత్రం భయం ఉన్న చోట ఉంటుంది. ఆమె నన్ను నేరుగా లిఫ్టులోకి, ఆ తరువాతి సెషన్లలో గొట్టంలోకి ఊహలో తీసుకెళ్లారు. భయం 60 దాటితే బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కి, దీర్ఘంగా ఊపిరి వదిలి, అది దిగేదాకా అక్కడే ఉండమన్నారు. భయపడే వస్తువు దగ్గరికి కొద్దికొద్దిగా చేర్చే ఈ మార్గం హిప్నాసిస్ సొత్తు కాదు. మేరీ కవర్ జోన్స్ 1924లోనే ఒక పసివాడికి ఉన్న కుందేలు భయాన్ని ఇలా తగ్గించారు, జోసెఫ్ వోల్పే 1958లో దీనికి క్రమపద్ధతి ఏర్పరిచి పుస్తకం రాశారు. హిప్నాసిస్ నాకు చేసిన మేలు ఏమిటంటే, నేరుగా అయితే అర నిమిషం నిలవలేని చోట పది నిమిషాలు నిలబడే ఓపిక ఇచ్చింది. అసలు పని ఆ పది నిమిషాల్లోనే జరిగిందని నేను కచ్చితంగా చెబుతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. రక్తమో సూదో చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారికి శరీరాన్ని వదులు చేసే పద్ధతి మంచిది కాదు. వారికి రక్తపోటు పడిపోతుంది కాబట్టి కండరాలను బిగించడం నేర్పుతారు, స్వీడన్ మనస్తత్వవేత్త ఊస్ట్ రూపొందించిన పద్ధతి అది. అన్ని ఫోబియాలకూ ఒకే మంత్రం వేసేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఆరో సెషన్ అయిన వారానికి మళ్లీ ఎమ్మారైకి వెళ్లాను. చట్రం బిగించగానే భయం వచ్చింది. రానే రాదనుకుని వెళ్లి ఉంటే ఆ క్షణమే ఓడిపోయేవాడిని. వేళ్లు నొక్కి, ఊపిరి వదిలి, ఆ దబదబ చప్పుళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యలో యంత్రం ఆగి నిశ్శబ్దమైనప్పుడు మళ్లీ వచ్చింది, ఈసారి తక్కువగా. మూడోసారి వచ్చిందో లేదో గుర్తు లేదు, లెక్కలో పడిపోయాను. బల్ల బయటికి జరిగాక టెక్నీషియన్ నా పిడికిలి తెరిచి బుడ్డి తీసుకోవలసి వచ్చింది. అంత గట్టిగా పట్టుకున్నాను, కానీ నొక్కలేదు.

అందుకే మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా, ఎన్ని సెషన్లని కాకుండా, నాతో లిఫ్టు దాకా వస్తారా అని అడగండి. నాకు చికిత్స చేసినామె నాలుగో సెషన్ మొత్తం కుర్చీలో కాదు, నా పక్కన లిఫ్టులో నిలబడి గడిపారు. చివరి పది నిమిషాలు ఆమె కింద దిగిపోయి, నన్ను ఒంటరిగా పైకి పంపారు.